ఆపదలో తావు తెలుపు అంకెలు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో, వరద తుపాను సమయములందు వార్తలు చేరవేయు స్వచ్ఛంద సేవకుల నుద్దేశించి చేసిన ప్రసంగము)



ఇరువదియైదేండ్లు నిండిన ఈ గ్రంథాలయమున కావ్యములను గూర్చి మాటలాడుమని కోరియుండిన నాకు సులువుగా నుండెడిది. కార్యవర్గము వారు మాత్రము, వరదలు తుపానులు వచ్చినప్పుడు పడవలకును సహాయ కేంద్రములకును వార్తలు పంపు మన యువకులకు పనికివచ్చు సంగతి నొకదానిని చెప్పుమనిరి. లెక్కలు వ్రాయుట నా వృత్తి. పాత గ్రంథములు చదువుట నా వ్యసనము. ఈ రెంటికిని చుట్టమైన విషయమే యొకటి తోచినది. అది తావులను అంకెలతో తెలుపు పద్ధతి. అనగా చేతి ఫోనులోని జి.పి.ఎస్. చూపు అక్షాంశ రేఖాంశములను పొరపాటు లేక చదువుట, పంపుట, వ్రాసికొనుట.

ఊరి పేరు చెప్పిన చాలదా యని కొంద రడుగవచ్చును. మన యూరి పేరునే తీసికొందము. ఉప్పలగుప్తం మండలములో ఎస్. యానాం అను గ్రామము కలదు. కాట్రేనికోన మండలములో చిర్రయానాం కలదు. గాలిహోరులో, తెగితెగి వినవచ్చు మాటలలో 'యానాం' అను రెండక్షరములు మాత్రమే చేరిన యెడల పడవ యే యానామునకు పోవలెను? ఇక లంకలు, తిప్పలు, పాలెములు, పేటలు ఈ గోదావరి నోట ఎన్ని గలవో మీరెరుగుదురు. మఱియు మన యూరు పుదుచ్చేరి పరిపాలనలోనిది. గౌతమి కావలి యొడ్డున నున్న ఎదుర్లంక కోనసీమ జిల్లాలోనిది. ఈవలి తాళ్ళరేవు కాకినాడ జిల్లాలోనిది. ఒక్కటే వరద నీరు మూడు పరిపాలనల నేలపై పారుచుండును. పొరుగు జిల్లానుండి వచ్చిన పడవవానికి మన వీధుల పేర్లు తెలియవు. అంకెలకు సరిహద్దులు లేవు. భూగోళముపై ఒక తావునకు గల అంకెల జత మఱొక తావునకుండదు.

మన ప్రాంతమునకు ఈ విషయము క్రొత్తది కాదు. 1839 నవంబరు 25 నాటి పెనుతుపానులో మన పొరుగున నున్న కోరంగి రేవు సముద్రపు పొంగునకు నాశనమయ్యెను. కలకత్తాలో నివసించిన హెన్రీ పిడింగ్టన్ అను నాంగ్లేయుడు ఆ తుపాను సమయమున ఓడలవారు తమ పుస్తకములలో వ్రాసికొన్న గాలి దిక్కులను, ఓడలున్న తావుల అక్షాంశ రేఖాంశములను సమకూర్చి పరిశీలించెను. ఇట్టి పరిశోధనల ఫలముగా గాలి సుడి తిరుగునని గ్రహించి, ఈ జాతి తుపానులకు 'సైక్లోన్' అను పేరు పెట్టెను. ఆ మాటను ప్రచారమునకు తెచ్చిన ఆయన గ్రంథము 1848 లో వెలువడినది. నేడు ప్రపంచమంతయు పలుకు ఆ మాట వెనుక మన కోరంగి దుఃఖమును గలదు, ఓడవారు శ్రద్ధతో వ్రాసిన అంకెలును గలవు.

1986 ఆగస్టులో భద్రాచలము వద్ద గోదావరి 75.6 అడుగులకు పెరిగినది. 1996 నవంబరు 6 రాత్రి మన తీరమును తాకిన తుపానులో సముద్రముపై నున్న బెస్తవారిలో అనేకులు తిరిగి రాలేదు. 2022 జులైలో భద్రాచలము వద్ద నీరు 71 అడుగులు దాటినది. యానాంలోని పల్లపు పేటలు నీట మునిగినవి. ఇట్టి యూరిలో నివసించువారికి ఈ అంకెలు చదువ వచ్చుట, ఈత వచ్చుట వంటిదే.

ఇక విషయమునకు వత్తము. వృత్తమును 360 భాగములు చేయుట మనవారికి చిరపరిచితము. సూర్యసిద్ధాంతమున అరువది వికలలు ఒక కల, అరువది కలలు ఒక భాగ, ముప్పది భాగలు ఒక రాశి, పండ్రెండు రాశులు ఒక చక్రము. ఆ భాగయే నేటి డిగ్రీ, కలయే నిమిషము, వికలయే సెకను. పంచాంగములో ఘడియ విఘడియలు చూచు గృహిణికి ఈ అరువదుల లెక్క చెప్పనక్కరలేదు. ఇచ్చటి నిమిషములు గడియారపు నిమిషములు కావని మాత్రము గుర్తుంచుకొనవలెను. ఇవి నేలపై దూరములు.

భూమధ్యరేఖనుండి ఉత్తరముగా ఎంత దూరమున నున్నామో చెప్పునది అక్షాంశము. ఒక నిర్ణీతమైన నిలువు రేఖనుండి తూర్పుగా ఎంత దూరమో చెప్పునది రేఖాంశము. ఆ నిలువు రేఖ యేది? మన జ్యోతిషులు లంక మీదుగా ఉజ్జయినికి పోవు రేఖను మూలముగా గొనిరి. ఆంగ్లేయులు గ్రీనిచ్ రేఖను గొనిరి. మన యూరి నేలిన ఫ్రెంచివారు పారిస్ రేఖను పట్టుకొనిరి. 1884 లో వాషింగ్టన్ నగరమున జరిగిన అంతర్జాతీయ సభలో గ్రీనిచ్ రేఖకు ఎక్కువమంది సమ్మతింపగా ఫ్రాన్సువారు ఏ పక్షమునకును ఓటు వేయక ఊరకుండిరి. వారు తమ దేశ కాలగణనకు పారిస్ రేఖను విడిచినది 1911 లో. పారిస్ గ్రీనిచ్‌కు తూర్పున 2 డిగ్రీల 20 నిమిషములు. కావున గ్రీనిచ్ లెక్కలో 82 డిగ్రీల 13 నిమిషముల వద్ద నున్న యానాం, పారిస్ లెక్కలో 79 డిగ్రీల 53 నిమిషముల వద్ద నుండును. ఊరు కదలలేదు, అంకె కదలినది. ఈ లెక్కను ఆ లెక్క యని భ్రమించినవాడు దాదాపు 250 కిలోమీటర్లు పెడత్రోవ పట్టును.

ఈ ప్రసంగములో నేను చెప్పదలచిన దంతయు దీనిలోనే యున్నది. అంకె యొక్కటి చాలదు. ఆ అంకె యే లెక్కలో నున్నదో ముందు చెప్పవలెను. నేడు మూలరేఖ విషయమున వివాదము లేదు. జి.పి.ఎస్. పరికరములన్నియు గ్రీనిచ్‌కు ప్రక్కనే పోవు ఒక రేఖనే మూలముగా గొనును. కాని డిగ్రీ లోపలి భాగములను వ్రాయుటలో మూడు తీరులు వాడుకలో నున్నవి. ఆ మూడును మన యూరిలోనికి మూడు దారులను వచ్చుచున్నవి.

మొదటిది డిగ్రీలు, నిమిషములు, సెకనులు. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అను సముద్ర సమాచార కేంద్రము చేపలు దొరకు తావులను తెలుపుచు బెస్తవారికి పంపు సూచనలు ఈ తీరున నుండును.

రెండవది డిగ్రీలు, నిమిషములు, నిమిషములో దశాంశము. పడవలలో నుంచుకొను జి.పి.ఎస్. పరికరములు పెక్కు ఈ తీరున చూపును. అక్షాంశములో ఒక నిమిషము ఇంచుమించు ఒక నౌకామైలు, అనగా 1,850 మీటర్ల దరిదాపు, గనుక నావికుల కిది అనుకూలము.

మూడవది డిగ్రీలు, డిగ్రీలో దశాంశము. చేతి ఫోనులోని పటములు చూపునది ఇదియే. వాతావరణ శాఖవారు తుపాను కేంద్రమును తెలుపునదియు ఇదియే. అయితే వారు బిందువు తరువాత ఒక్క స్థానమే యిత్తురు. ఆ ఒక్క స్థానము 11 కిలోమీటర్లతో సమానము. తుపానుకు అది చాలును. మేడపై చిక్కుకొన్న మనుష్యునకు చాలదు.

ఒక్క తావును మూడు తీరుల వ్రాసి చూతము. యానాంలో ఒకచోట ఫోను 16.7345, 82.2135 అని చూపిన దనుకొందము. బిందువు తరువాతి భాగమును 60 చేత హెచ్చింపుడు. 0.7345 ను 60 చేత హెచ్చింప 44.07 వచ్చును. కావున రెండవ తీరున 16 డిగ్రీల 44.07 నిమిషములు. మరల ఆ 0.07 ను 60 చేత హెచ్చింప 4.2 వచ్చును. మొదటి తీరున 16 డిగ్రీల 44 నిమిషముల 4.2 సెకనులు. తూర్పు రేఖాంశ మిట్లే 82 డిగ్రీల 12.81 నిమిషములు, లేదా 82 డిగ్రీల 12 నిమిషముల 48.6 సెకనులు. అంకెలు వేరు, తావొక్కటే.

పెద్దలకు దీనిని వేరొక విధమున చెప్పెదను. 1957 ఏప్రిలు 1 న నయాపైసలు వచ్చువరకు ఇండియా రూపాయికి పదునారణాలు, అణాకు నాలుగు పైసలు. రూపాయిన్నరను పాత పద్దులలో 1 రూపాయి 8 అణాలని వ్రాసిరి. క్రొత్త పద్దులలో 1.50 అని వ్రాసిరి. పాత చిట్టాలోని 8 అణాలను క్రొత్త చిట్టాలో 1.08 అనియో 1.80 అనియో ఎక్కించిన గుమాస్తాను ఏ షావుకారును మెచ్చడు. డిగ్రీ రూపాయి, నిమిషము అణా, దశాంశము నయాపైస. ఈ పోలిక పట్టుబడిన వానికి తక్కినది సుగమము.

ఇప్పుడు పొరపాట్లు ఎచ్చట జరుగునో చూతము. లెక్కలో తప్పు కాగితముపై నుండును. ఇచ్చట తప్పు నీటిపై నుండును.

మొదటి పొరపాటు: 16 డిగ్రీల 44 నిమిషములను 16.44 అని పంపుట. అట్లే 82 డిగ్రీల 13 నిమిషములను 82.13 అని పంపుట. నిజమునకు 44 నిమిషములనగా 0.7333 డిగ్రీ. పడవ యానామునకు రాక దక్షిణముగా 32 కిలోమీటర్లు, పడమరగా 9 కిలోమీటర్లు తొలగి, కోనసీమ దాటి సముద్రము దెసకు సాగును.

రెండవది: 44.50 నిమిషములను 44 నిమిషముల 50 సెకనులుగా వ్రాసికొనుట. అర నిమిషమనగా 30 సెకనులే గదా. తేడా 20 సెకనులు. దూరమున 600 మీటర్లకు పైన. ఎండకాలమున 600 మీటర్లు గట్టు వెంబడి నడచినచో తెలియనే తెలియదు. వరద రాత్రి అది పాయకు ఈ యొడ్డు, ఆ యొడ్డు. పిలుపు వినబడును, దీపము కనబడును, మనిషి అందడు. దీనిని పట్టుకొనుటకు ఒక ఉపాయము కలదు. నిమిషములు గాని సెకనులు గాని 60 కి చేరరాదు. 12.81 ని 12 నిమిషముల 81 సెకనులని ఎవరైన వ్రాసినచో వెంటనే ఆపి అడుగుడు. కాని 60 కి లోబడిన అంకె తన తప్పును తాను బయట పెట్టుకొనదు. దానికి మందు, ఏ తీరో ముందే పలుకుట.

మూడవది: సున్నను మ్రింగుట. 44.07 ను 44.7 అని పలికినచో కిలోమీటరు మించి తేడా వచ్చును. సున్నకు విలువ లేదని లోకము పలుకును. లెక్కలు వ్రాయువాడు పలుకడు.

నాలుగవది: అక్షాంశ రేఖాంశములను తారుమారు చేయుట. 82 ఉత్తరము, 16 తూర్పు అన్నచో ఆ తావు నార్వే దేశపు స్పిట్స్‌బెర్గెన్ ద్వీపమునకు ఉత్తరమున, ఆర్కిటిక్ మహాసముద్రములో నున్నది. దీనికి సులభమైన గురుతు చెప్పెదను. భారతదేశపు నేలయంతయు అక్షాంశములో 6 నకును 38 కిని నడుమ, రేఖాంశములో 68 కిని 98 కిని నడుమ ఇమిడియున్నది. కావున మన దేశములో చిన్న అంకె యెల్లప్పుడును అక్షాంశమే, పెద్ద అంకె యెల్లప్పుడును రేఖాంశమే.

అంకెల వరుస విషయమున మన పూర్వులకును ఒక కట్టుబాటుండెడిది. శాసనములలో సంవత్సరములను మాటలతో తెలుపుచు వేదములన్న నాలుగు, రసములన్న ఆరు అని వాడిరి. ఆ అంకెలను ఎడమ దిక్కుగా నడిపింపవలెనని నియమము. 'వేద రస' అన్నచో 64 గాని 46 కాదు. నియమ మెరిగిన వానికి శాసనము కాలమును చెప్పును. ఎరుగని వానికి అబద్ధము చెప్పును. శాసనము మారలేదు, చదువు కట్టుబాటు తప్పినది.

వార్త పలుకుటలో తెలుగువారము ప్రత్యేకముగా జాగ్రత్తపడవలసినది యొకటి కలదు. రేడియోలోనో, గాలిలో ఫోనులోనో ఏబదికిని ఎనబదికిని, ఇరువదికిని అరువదికిని భేదము చిక్కదు. ఎనభై నాలుగన్నది ఏభై నాలుగుగా చేరును. కావున అంకెలను కూడబెట్టి పలుకక విడివిడిగా పలుకవలెను. మూడు, ఏడు అనునవియు తోకలు కలిసిన మాటలే. వానిని నిలిపి పలుకవలెను. 'ఉత్తరము' అన్నచో దిక్కో, జాబో, బదులో తెలియక పోవచ్చును. 'ఉత్తర అక్షాంశము' అని పూర్తిగా పలుకుట మేలు. వార్త ఇట్లుండవలెను:

"అత్యవసర వార్త. తీరు, దశాంశ డిగ్రీలు. ఉత్తర అక్షాంశము: ఒకటి, ఆరు, బిందువు, ఏడు, మూడు, నాలుగు, ఐదు. తూర్పు రేఖాంశము: ఎనిమిది, రెండు, బిందువు, రెండు, ఒకటి, మూడు, ఐదు. గురుతు, రావిచెట్టు ప్రక్క రెండంతస్తుల మేడ. పదునొకండుగురు ఉన్నారు, అందొక గర్భిణి. సమయము రాత్రి 9 గంటల 20. తిరిగి చదువుడు."

ఆ చివరి మాటను విడువరాదు. విన్నవాడు తిరిగి చదువవలెను. పంపినవాడు అవునని పలుకువరకు వార్త చేరినట్లు కాదు. వేదమును వ్రాతలేకయే వేలయేండ్లు నిలుపుకొన్నవారు పదపాఠము, క్రమపాఠము, ఘనపాఠము అని ఒక్క వాక్యమునే ముందువెనుకలుగా మరల మరల వల్లించిరి. అక్షరము జారిన వెంటనే చెవికి పట్టుబడుటకే ఆ యేర్పాటు. మన పని వేదాధ్యయనము కాదు గాని దాని వెనుక మనుష్య ప్రాణ మున్నది.

మఱొక నియమము నా వృత్తినుండి చెప్పెదను. మూలరశీదును దిద్దరాదు. వచ్చినది వచ్చినట్లుంచి, పద్దులో ఎక్కించునప్పుడే మార్పు చేయుదుము. అట్లే నీటిలో నిలిచినవాడు తన పరికరము చూపిన తీరునే పంపవలెను. ఒక తీరునుండి మఱొక తీరునకు మార్చు పని అతనిది కాదు. అది పొడినేలపై, దీపము ముందు, కాగితము పెన్సిలుతో కూర్చున్న వానిది. అతడును మూల అంకెను పైన వ్రాసి, మార్చిన అంకెను క్రింద వ్రాయవలెను. అప్పుడు సందేహము కలిగిన యెడల వెనుకకు పోయి చూచుకొనుటకు ఆధార ముండును.

బిందువు తరువాత ఎన్ని స్థానములు కావలె నందురా? దశాంశ డిగ్రీలలో మూడు స్థానములు వీధిని చూపును. నాలుగు స్థానములు ఇంటిని చూపును, అనగా 11 మీటర్లు. ఐదవ స్థానము మీటరు మాత్రమే. నాలుగు చాలును. పరికరము ఏడెనిమిది స్థానములు చూపినంత మాత్రమున అంత కచ్చితముగా చూచుచున్నదని యనుకొనరాదు. అన్ని యంకెలు చదువుట వలన తప్పు దొరలుటకే సందు పెరుగును.

పరికరమును గూర్చి రెండు మాటలు. జి.పి.ఎస్. ఉపగ్రహములు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల యెత్తున తిరుగుచు తమ గడియారముల కాలమును ప్రకటించుచుండును. కనీసము నాలుగింటి మాట విన్నచో మన పరికరము తానున్న తావును లెక్కకట్టును. ఈ వినికిడికి ఫోను టవరుతో పనిలేదు. టవరు కూలినను, పటపు బొమ్మ రాకున్నను, అంకెలు మాత్రము వచ్చును. ఆకాశము కనబడుచోట నిలిచి కొంచెము సేపు ఓర్చుకొనవలెను. అంకెలను బయటికి పంపుటకే మఱొక సాధనము కావలెను. మాట తెగిపోవుచోట కూడ చిన్న సందేశము ఒక్కొక్కప్పుడు పోవును. మన దేశమున అత్యవసరమునకు 112 అను సంఖ్య కలదు.

అన్నియు మూగవోయిన నాడు రేడియో పలుకును. హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ పక్షమున భారతీ ప్రసాద్ గారు 2004 డిసెంబరులో పోర్టుబ్లెయిరున రేడియో కేంద్రము నడుపుచుండిరి. 26 వ తేదీన సునామీ వచ్చి సాధారణ సాధనములు తెగిపోగా, వినోదమునకై పెట్టిన ఆ కేంద్రమే ఆపద వార్తలకు ఆధారమయ్యెను. ఈ రేడియో నడుపుటకు కేంద్ర ప్రభుత్వము వారి పరీక్షలో నెగ్గి అనుమతి పొందవలెను. మన యువకులలో ఇద్దరు ముగ్గురైన ఆ పరీక్షకు కూర్చుండుట మంచిదని నా మనవి.

పాత పటములను చూచువారికి ఒక హెచ్చరిక. 1802 లో మద్రాసున లాంబ్టన్ దొర ఆరంభించిన మహాసర్వే వారసత్వముగా వచ్చిన పాత సర్వే పటములు భూమి యాకారమును ఎవరెస్టు దొర లెక్క ప్రకారము గ్రహించినవి. జి.పి.ఎస్. గ్రహించునది వేరొక లెక్క. ఒకే అంకెలు రెంటిలోను కొన్ని వందల యడుగుల తేడాతో పడును. పాత పటమున చూచి తీసిన అంకెలైనచో ఆ మాటయు చెప్పవలెను.

తుదకు ఈ గ్రంథాలయమునకు ఒక విన్నపము. వార్తాపత్రికలు వ్రేలాడదీయు గోడపై ఒక పలక పెట్టింపుడు. పాఠశాల, ఆసుపత్రి, పడవల రేవులు, తుపాను ఆశ్రయములు, ఎత్తైన మేడలు, వీని అక్షాంశ రేఖాంశములను పొడినాళ్ళలో పోయి కొలిచి, మూడు తీరులను మూడు వరుసలలో వ్రాయింపుడు. ఇద్దరు వేర్వేరుగా కొలిచి సరిచూచిన పిదపనే యెక్కింపుడు. ప్రతి చందాదారుడును తన యింటి అంకెలను పంచాంగపు అట్టలోపల వ్రాసికొని, పిల్లలచేత చదివింపవలెను. ఏటేట తుపానుల ఋతువునకు ముందు ఒక సాయంకాలము సేవకులు ఇచ్చట చేరి, ఒకరు పలుకగా ఒకరు వ్రాసి, తిరిగి చదివి, తప్పులు దిద్దుకొనవలెను. ఆ పని కయ్యెడి వ్యయము ఒక పలక, కొంచెము రంగు, కొన్ని పెన్సిళ్ళు.

గ్రంథాలయము చదువు నేర్పు తావు. కథలు చదువుటయు చదువే. నాలుగు అంకెలను సున్న పోకుండ చదువుటయు చదువే. గోదావరి మరల పొంగకుండ ఆపుట మన చేతిలో లేదు. మేడమీద చేయి యెత్తి పిలుచువాని తావు పడవవానికి సరిగా చేర్చుట మన చేతిలో నున్నది. తీరు ముందు, అంకె తరువాత, తిరిగి చదువుట చివర. ఈ మూడును మరువకుడని మీ యువకులను కోరుచున్నాను.